ఆకురాయి రజను

శంషాబాద్, 9-2-2011

బాపూ, నేను మంచిగనే ఉన్న. ఫోన్ల చెప్తే ల్యాబోళ్లు వింటరని కార్డు రాస్తున్న.

ల్యాబుల మేము గంధకం కలిసిన లోహం పొరల నడుమ ఇనుము ఎక్కించినం. అది మస్తు చల్లబడితేనే అయస్కాంతానికి అంటాలె. చల్లబర్చకుండ మామూలుగనే అంటుకుంటున్నదని సారు సంబురంగ పేపర్ రాస్తున్నడు. నా తోటి శ్రీకాంత్ దాన్ని ఇనుప ఆకురాయితోని గీకిండని, ఆ రజను అందుల కలిసిందని నాకు అనుమానం. నువ్వు బంగారం పొడి మీద తిప్పినట్టే అయస్కాంతం తిప్పిన. ఇనుప రజనంత లేచొచ్చింది, మిగిలింది కదలలే. సారుకు చెప్తే ఎవ్వరితోని అనకన్నడు. తెల్లారి చూస్తే నా అయస్కాంతం లేదు. పేపర్ మీద నేనింక సంతకం పెట్టలే.

అమ్మకు దగ్గు తగ్గిందా? అక్కను అడిగిన్నని చెప్పు. బావ ఎయిర్‌పోర్టుకు కారు కిరాయికొచ్చినప్పుడు నీ కుంపటి పక్కనుండే అయస్కాంతం పంపు. ల్యాబుల పెట్టను, నా దగ్గర్నే ఉంచుకుంట.

నీ బిడ్డ నిర్మల