చుక్క ఒప్పుకోని ఫారం

నాన్నా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. అమ్మ రైల్వే మెడికల్ కార్డు ఇంకా రాలేదు. దానికి నింపే ఆన్‌లైన్ ఫారంలో నీ పేరు సర్వీసు బుక్కులో ఉన్నట్టే ఉండాలట. అక్కడ ఇంటిపేరు అక్షరం పక్కన చుక్క ఉంది. చుక్క పెడితే అదే ఫారం "అక్షరాలు మాత్రమే" అంటూ తిప్పికొడుతోంది.

విసిగిపోయి, నా ఉద్యోగంలో నియమాలను పరీక్షించే ప్రోగ్రాముకి ఈ రెండు నియమాలూ ఇచ్చాను. రెంటికీ సరిపోయే పేరు అసలు ఉండదని క్షణంలో రుజువు చేసింది. దాన్ని ప్రింటు తీసి, అమ్మతో ఆఫీసుకెళ్లి చూపిస్తే గుమాస్తా, "అచ్ఛా, అయితే మీ నాన్న పేరు మార్పించి తెండి" అన్నాడు. పోయినవాడి పేరు ఎక్కడ మార్పించాలి, నాన్నా?

అమ్మ అక్కడి కుర్చీలోంచి లేవలేదు. "ముప్పయ్యేళ్లు షెడ్డులో ఆ పేరుతోనే డ్యూటీ సేసేరు. సుక్క కూడా తియ్యనివ్వను" అంది.

సాయంత్రానికి ఆఫీసరు దిగొచ్చి, చేత్తో రాసిన దరఖాస్తు తీసుకుంటానన్నాడు. నీ పేరు చకచకా రాసేశాను. దాని ముందు "కీర్తిశేషులు" అని రాయడానికే చాలాసేపు పట్టింది.