రేకు మీద ఇద్దరం

ఫిబ్రవరి 6

ఫర్నేస్ వెనక వైపు వేడిమచ్చ ఇంకా పెరిగింది. వేడిని రంగుల్లో చూపించే నా కెమెరాలో పసుపు మధ్య తెల్లగా, అరచేయంత. లోపలి ఇటుక అరిగిపోతోంది. అది పూర్తిగా పోతే కరిగిన ఇనుముకీ మనుషులకీ మధ్య మిగిలేది పైనున్న ఉక్కు తొడుగే. ఖాళీ చేయించి ఇటుక మార్చండని మేనేజర్‌కి మళ్ళీ చెప్పాను. కస్టమర్లు వచ్చి వెళ్ళాక చూద్దాం అన్నాడు. అక్కడ షిఫ్టంతా నిలబడేది మా ఆయన. మేనేజర్‌కి ఆ సంగతి తెలుసు.

ఫిబ్రవరి 9

మా ఆయనతో చెబితే నవ్వాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు ప్రతిదాంట్లో నిప్పే కనిపిస్తుందట. కెమెరా చేతికిచ్చాక మరీ ముదిరిందట. ఈ మనిషి నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్న పాపాన పోలేదు.

ఫిబ్రవరి 20

కస్టమర్లు చూడటానికి బాగుండాలని ఫర్నేస్ చుట్టూ కొత్త అల్యూమినియం రేకు బిగించారు. హడావిడిలో మరలు ఉక్కు తొడుగులోకే దింపేశారు. తళతళలాడిపోతోంది. తుప్పు, మరకలు, మచ్చ అన్నీ దాని వెనక్కి పోయాయి.

కెమెరా పెడితే మచ్చ మాయం. నిజానికి ఎక్కడికీ పోలేదు. మెరిసే రేకు తన వేడి చూపించదు, ఎదురుగా ఉన్నవాళ్ళ వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. తెర మీద ఫర్నేస్ బదులు నేనున్నాను, నారింజ రంగులో. ఇంతలో పక్కకి ఇంకో నారింజ బొమ్మ వచ్చి నా తలకి రెండు వేళ్ళతో కొమ్ములు పెట్టింది. మా ఆయనే. ఎంత కోపంలో ఉన్నా నవ్వాగలేదు. ఆ ఫోటో సేవ్ చేసుకున్నాను.

ఫిబ్రవరి 21

మా ఫర్నేస్ ఎంత చల్లగా ఉందో చూడండని మేనేజర్ నా కెమెరానే కస్టమర్లకి చూపించాడు. రేకు మీద కొలిస్తే లెక్క తప్పుతుందని నేను నోరు తెరిచాను. మా కెమెరామ్మకి అన్నీ అనుమానాలే అని నవ్వేశాడు. వాళ్ళూ నవ్వారు.

ఫిబ్రవరి 27, సాయంత్రం

రేకు తీయమని మళ్ళీ అడిగాను. ఈసారి అడ్డుపడింది పనివాళ్ళు. రేకు వచ్చాకే కాళ్ళు మాడటం తగ్గిందట. ఇన్నేళ్ళకి ప్రాణం కాస్త హాయిగా ఉందట. వదినా, నీకు పుణ్యముంటుంది, దాని జోలికి పోకు అని క్రేన్ ఆపరేటర్ చేతులు జోడించాడు. మా ఆయన కూడా వాళ్ళ పక్కనే నిలబడ్డాడు.

బయటికి రాని వేడి ఆ ఉక్కులోనే కూర్చుంటోందని ఎంత మొత్తుకున్నా ఎవరికీ ఎక్కలేదు. వాళ్ళని తప్పు పట్టనూ లేను. ఆ వేడిలో రోజూ నిలబడేది నేను కాదు.

ఇంటికొచ్చి అరిచాను. ఏడ్చాను. చివరికి సరే తల్లీ, రేపు నీకోసం ఒక్క రేకు విప్పుతాను, కళ్ళారా చూసుకుని నన్ను వదిలిపెట్టు అన్నాడు.

మొదటిసారి నా మాట విన్నాడు.

ఫిబ్రవరి 28, ఉదయం

టిఫిన్ టైముకి విప్పుతానన్నాడు. కెమెరా బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టాను.

మార్చి 9

బ్యాటరీ తెస్తాను, నేనొచ్చేదాకా ఆగు అని చెప్పి ఆఫీసు గదికి వెళ్ళాను. ఆగలేదు. నేనొచ్చేసరికి సిద్ధంగా ఉంచుదామనుకున్నాడట. ఒక మర రాకపోతే గట్టిగా గుంజాడట. మెత్తబడిన ఉక్కు ఆ మర దగ్గరే చిరిగింది. ఇనుమంతా ఆయన మీదికే వచ్చింది.

దహనానికి కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు.

నేనే పంపాను. ఏడ్చి మరీ పంపాను.

మార్చి 14

విచారణకొచ్చిన వాళ్ళకి మేనేజర్ కొమ్ముల ఫోటో చూపించాడు. ఈవిడ కెమెరాలోనే ఇంత చల్లగా ఉంటే మాకెలా తెలుస్తుంది అన్నాడు. పాత ఫోటోలు కూడా ఉన్నాయి, మచ్చ చూడండి అన్నాను. తర్వాత చూస్తామన్నారు. వాళ్ళలో ఒకాయన ఈ ఇద్దరూ ఎవరమ్మా అని అడిగాడు.

నేనూ, మా ఆయనా అని చెప్పాను.

మార్చి 15

ఎప్పటిలాగే నా మాట వినకపోయుంటే ఇంకో వారమైనా ఉండేవాడేమో.

మార్చి 22

రేకులన్నీ ఊడదీసి షెడ్డులో గోడకి చేరేశారు. ఒకదాని ముందు కాస్త పక్కకి జరిగి, ఆయనకి చోటు వదిలి నిలబడ్డాను. కెమెరా పట్టాను.

నేనొక్కదాన్నే ఉన్నాను. తలకి కొమ్ములు లేవు.