పద్నాలుగు సెంటీమీటర్లు

హాస్టల్,
23 జూన్ 2024

ప్రియమైన నాన్నకు,

నన్ను దింపి వెళ్లేటప్పుడు నీ చేతికిచ్చిన కుండీ జాగ్రత్త. తొందరలో అన్నీ చెప్పలేకపోయాను. ఆ మొక్క పేరు హవర్తియా. చిన్న కలబందలా ఉంటుంది, ఆకుల మీద తెల్ల చారలు. మా సైన్సు టీచర్ ఛాయాదేవి గారు ఒకే రకం మొక్కలు రెండిచ్చారు. ఒకటి ఇక్కడ ఊళ్లో మా క్లాసు కిటికీలో, ఒకటి సిటీలో, అమీర్‌పేటలో నీ జిరాక్స్ షాపులో. ఎక్కడ ఎంత పెరుగుతుందో చూడటమే నా ప్రాజెక్టు. ఇప్పుడు రెండూ ఆరు సెంటీమీటర్లే.

అప్పుడప్పుడు స్కేలుతో కొలిచి రాయి. ఆదివారం ఫోన్లో చెప్పొద్దు. నీ ఉత్తరాలనే ప్రాజెక్టు పుస్తకంలో అంటించాలి. డిసెంబరులో జిల్లా ఎగ్జిబిషన్.

అమ్మ ఎలా ఉంది?

నీ యశస్విని

*

అమీర్‌పేట,
28 జూలై 2024

ప్రియమైన యశూ,

అమ్మ బాగుంది. పంజాగుట్ట బట్టల షోరూములో ఆషాఢం సేల్, నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయంటోంది. ఇక్కడి కోచింగ్ సెంటర్లలో కొత్త బ్యాచులు మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదికే పిల్లలు నోట్సు స్పైరల్ బైండింగుకు లైను కడుతున్నారు.

నీ మొక్కను జిరాక్స్ మిషను పక్కనే పెట్టాను. రోజూ షాపు తెరవగానే మొదట దానికే నీళ్లు పోస్తున్నాను. ఏడున్నర సెంటీమీటర్లు అయింది. టీచర్ గారికి నమస్కారాలు చెప్పు.

మీ నాన్న,
విజయేందర్

*

హాస్టల్,
15 ఆగస్టు 2024

ప్రియమైన నాన్నకు,

రోజూ నీళ్లు పోయొద్దు నాన్నా. దాని ఆకుల్లోనే నీళ్లుంటాయి. రెండు వారాలకోసారి చాలు. మిషను వేడి తగలకుండా కిటికీ దగ్గరికి జరుపు.

ఇక్కడి మొక్క రెండు నెలల్లో స్కేలు మీద ఒక గీత పెరిగింది, అంతే. నీది నిజంగానే ఏడున్నర ఉందా? అలసిపోయి ఉన్నప్పుడు కాకుండా ఇంకోసారి కొలిచి రాస్తావా?

నీ యశస్విని

*

అమీర్‌పేట,
8 సెప్టెంబరు 2024

ప్రియమైన యశూ,

కొలిచాను. ఇప్పుడు తొమ్మిది ఉంది. నాన్న లెక్క మీద నమ్మకం లేదా? పదహారేళ్లుగా అమీర్‌పేటలో పిల్లల కాగితాలు ఒక్క పేజీ తేడా రాకుండా కుడుతున్నాను. స్కేలు పట్టుకోవడం రాదా నాకు?

బాగా చదువుకో.

మీ నాన్న

*

అమీర్‌పేట,
17 నవంబరు 2024

ప్రియమైన యశూ,

పని ఒత్తిడిలో రాయలేకపోయాను. మొక్క పద్నాలుగు సెంటీమీటర్లు. ఎగ్జిబిషన్‌కు నా దీవెనలు.

మీ నాన్న

*

హాస్టల్,
9 డిసెంబరు 2024

నాన్నకు,

నా చార్టు ముందు చాలామంది నిలబడ్డారు. ఊరి మొక్క గీత నేల మీద పడుకున్నట్టుంది, అమీర్‌పేట గీత ఏటవాలుగా పైకి పోయింది. సిటీ వేడికి, లైట్ల వెలుతురుకు వేగంగా పెరిగిందని కింద రాశాను.

జడ్జిగా వచ్చిన చలపతిరావు గారు కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారట. చార్టు చదివి, "ఈ మొక్క పూర్తిగా ఎదిగితే ఎంతుంటుందమ్మా?" అని అడిగారు. ఆయనే, "పది, పన్నెండు సెంటీమీటర్లు. అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. నీది ఐదు నెలల్లో పద్నాలుగు ఎలా అయింది? మొక్క తెచ్చావా?" అన్నారు. నా పక్కన ఛాయాదేవి టీచర్ తల దించుకున్నారు.

మా నాన్న సరిగ్గానే కొలిచాడు, నేనే తప్పు ఎక్కించానని చెప్పాను. నీ ఉత్తరాలున్న పేజీలు వాళ్లకు చూపించలేదు.

నాన్నా, మొక్క ఉందా?

యశస్విని

*

అమీర్‌పేట,
13 డిసెంబరు 2024

ప్రియమైన బిడ్డకు,

మొక్క లేదు. ఆగస్టు పదో తారీఖునే పోయింది. పొద్దున నీళ్లు పోయబోతే మొదలంతా మెత్తబడి ఉంది. పట్టుకుంటే ఆకులు చేతికి ఊడొచ్చాయి. తీసుకెళ్లి మెట్రో పిల్లరు దగ్గర చెత్తకుండీలో పడేశాను. ఇవాళ రేపు చెబుదామనుకుంటూ ఉండిపోయాను. అంతలో ఇంకోసారి కొలవమని నీ ఉత్తరం వచ్చింది.

నిజానికి మొదటి ఏడున్నర కూడా స్కేలు పెట్టి రాసింది కాదు. కంటితో చూసి, నీకు సంతోషంగా ఉంటుందని కొంచెం ఎక్కువ రాశాను. తర్వాత తగ్గించి ఎలా రాయాలో తెలియలేదు. నువ్వు అడిగినందుకు నీ మీదే కోపం చూపించాను. అది తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎగ్జిబిషన్‌కు పది రోజుల ముందు పంజాగుట్టలో సారయ్య నర్సరీకి పోయి పద్నాలుగు సెంటీమీటర్లది కావాలని అడిగాను. ఆయన నవ్విండు. "గంత పెద్దది ఏడ దొరుకుతదన్నా? మొత్తం ఎదిగినా నీ అరచేతుల పడుతది. గదానికే ఏండ్లు పడుతయి. ఎవరు చెప్పిండ్రు నీకు పద్నాలుగని?" అన్నడు. నేనే చెప్పానని అనలేక, అక్కడినుంచి వచ్చేశాను. ఆ రోజే నీకు ఫోన్లో చెప్పి ఉంటే నువ్వు ఆ చార్టు ముందు నిలబడేదానివి కాదు. పది రోజులు ఫోను చేతిలోనే ఉంది. చెప్పలేదు.

ఈ సంగతి మీ అమ్మకు నిన్ననే చెప్పాను. "నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆ టీచరమ్మకు చెప్పు. బిడ్డ మీద పడ్డది నీ మీదికి తెచ్చుకో" అన్నది. సోమవారం షాపు మూసి వస్తున్నాను. ప్రార్థన సమయంలో మాట్లాడనిమ్మని టీచర్ గారిని అడుగుతాను. నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు.

నీ నాన్న

*

హాస్టల్,
19 డిసెంబరు 2024

ప్రియమైన నాన్నకు,

సోమవారం నువ్వు అంతమంది పిల్లల ముందు చేతులు కట్టుకొని, "లెక్కలన్నీ నేనే అబద్ధం రాసిన. నా బిడ్డకు ఏం తెల్వదు. నన్ను కాపాడనీకి తప్పు మీదేసుకున్నది" అన్నావు. అందరూ నా వైపు తిరిగి చూశారు. నా ఫ్రెండ్ హైందవి నా చెయ్యి పట్టుకుంది. ఛాయాదేవి టీచర్ కళ్లు తుడుచుకున్నారు. మధ్యాహ్నం వంటమ్మ వజ్రమ్మ కూడా నాకు ఇంకో గుడ్డు వేసి, "మంచి బిడ్డవమ్మా" అంది. ఆ గుడ్డు తినలేకపోయాను.

నాకు తెలుసు నాన్నా.

ఆగస్టులోనే లైబ్రరీ పుస్తకంలో చదివాను. అది ఎంత నెమ్మదిగా పెరుగుతుందో, ఎంతకు మించి పెరగదో అందులో ఉంది. అందుకే ఇంకోసారి కొలవమన్నాను. నువ్వు కోపంగా తొమ్మిది అని రాసినప్పుడు మొక్క చచ్చిపోయిందని అర్థమైంది. అప్పుడు టీచర్‌కు చెప్పాల్సింది. కానీ అప్పటికే చార్టు మీద గీత పైకి లేచింది. మా క్లాసులో ఎవరి ప్రాజెక్టులోనూ అలాంటి గీత లేదు. జిల్లాకు నాదే పంపుతామన్నారు. పద్నాలుగు అని వచ్చినప్పుడు అది అబద్ధమని తెలిసే, గీతను ఎర్ర స్కెచ్‌పెన్‌తో పైదాకా దిద్దాను. సిటీ వేడికి పెరిగిందన్న మాట నువ్వు రాయలేదు, నేను పుట్టించాను.

జడ్జి గారితో నేనే తప్పు రాశానన్నది నిన్ను కాపాడటానికి కాదు. నీ ఉత్తరాలు చూపిస్తే, "తొమ్మిది, పద్నాలుగు చూసి కూడా నీకు అనుమానం రాలేదా?" అని నన్ను అడుగుతారని భయమేసింది. ఆ తర్వాత మొక్క ఉందా అని, ఏమీ తెలియనట్టు నిన్నే అడిగాను.

సోమవారం నువ్వు మాట్లాడుతుంటే లైన్లోంచి బయటికి వచ్చి చెప్పాలనుకున్నాను. లైన్లోనే ఉండిపోయాను. రెండు రోజులు అందరూ మంచిపిల్ల అంటుంటే విన్నాను. ఇవాళ పొద్దున స్టాఫ్‌రూముకు వెళ్లి అంతా చెప్పాను. టీచర్ అంతా విన్నారు. తర్వాత, "మీ నాన్నగారికి కూడా నువ్వే చెప్పు. నేను చెప్పను" అన్నారు. రేపు ప్రార్థనలో నేను చెప్పాలి.

సోమవారం నువ్వు వెళ్లిపోతూ గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి చూశావు. నేను వరండా స్తంభం వెనకే ఉన్నాను. నా మీద కోపమొచ్చినా సరే, ఆదివారం రా నాన్నా. ఈసారి గేటు దగ్గరే ఉంటాను.

నీ బిడ్డ,
యశస్విని