ప్లమ్ చెట్టు మింగిన మేకులు

అమ్మా, నేను బాగున్నాను, పది వేళ్ళూ ఉన్నాయి, బెంగపడకు.

ఇవాళ రాదోసవ్ తాత తోటలో ఎండిపోయిన ప్లమ్ చెట్లు నరికి, ముక్కలు చేసే మిషన్లో వేస్తున్నాం. కొత్త బ్లేడ్లు బిగించి వారమే అయింది. అవి విరిగితే మిషన్ నడిపే స్తామెంకా అత్తకి ఈ చలికాలం పని పోయినట్టే. నేను పెద్ద మొద్దు ఎత్తబోతుంటే అత్త మిషన్ ఆపేసింది.

"దీనికి మేకులు కొట్టావా తాతా?"

"ఒట్టు, ఒక్కటీ లేదు."

"పోనీ, ఎప్పుడైనా కాయడం మానేసిందా?"

"మూడేళ్ళు మానేసింది. ఆ తర్వాత చూడాలి, కొమ్మలు విరిగేలా కాసింది!"

"ఊరికే కాసిందా? కాయని చెట్టు కాస్తుందని మేకు కొట్టని ముసలోడు ఈ ఊళ్ళో ఉన్నాడా? నా చెవిలో పువ్వు పెట్టకు."

అత్త గొడ్డలితో చెక్కితే లోపల మూడు మేకులు. బయట మచ్చ కూడా లేదమ్మా! తాత టోపీ తీసి దండం పెట్టాడు. బ్లేడు కాపాడాలంటే ముందు మనుషుల్ని అడగడం రావాలని నాకు ఇవాళే తెలిసింది. ఆమెలా పని నేర్చుకోవాలని ఉంది.

ఉన్ని మేజోళ్ళు పంపు. ఆవు ఈనిందా?

వచ్చే నెల మన పెరట్లో ఎండిన చెట్టు ముక్కలు చేయడానికి అత్త వస్తుంది. దాంట్లో గోడ వైపు, మోకాలెత్తున ఒక మేకుంది. రెండో క్లాసులో నేనే కొట్టాను. చెప్పడానికి సిగ్గేస్తోంది, ఆమెకి నువ్వే చెప్పు.

నానమ్మ చేతికి నా ముద్దు.

ఒబ్రాద్