రిజిస్టర్‌లో రాయని కబురు

రుఆబాంధా, భిలాయి
26-12-1994

టెన్నిస్ పోటీల కార్యదర్శి గురునాథరావు గారికి,

అయ్యా,

విషయం: జూనియర్ బాలికల డబుల్స్ ఫైనలుకు రాలేదని నీలిమ, భాగ్యరేఖలపై వేసిన ఏడాది నిషేధం ఎత్తివేయమని కోరుట గురించి.

నా దస్తూరీ బాగుండదు. ఏడో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే మన్నించండి. మీరు తెలుగువారని భాగ్యరేఖ చెప్పబట్టి ఈ మాత్రం ధైర్యం చేశాను. నేను నీలిమకు వదినను.

1. ఫైనలు పదకొండో తేదీ, ఆదివారం. మా అత్తగారు జోగమ్మ గారు టెక్కలి దగ్గర ఊళ్లో కాలం చేసినట్టు శనివారం టెలిగ్రాము వచ్చింది. నా భర్త తిరుమలరావు గారు చెల్లెలిని తీసుకొని సాయంత్రం బండికి వెళ్లారు. నేను ఐదో నెల గర్భిణిని కనుక రావద్దన్నారు. "పొద్దున్నే ఎల్లి టెన్నిస్ ఆఫీసులో చెప్పీసి రా" అన్నారు.

2. ఆదివారం ఏడు గంటలకే వచ్చాను. మైలలో ఉండి లోపలికి ఎలా రాను? గేటు బయట నిలబడి చౌకీదారుకు చెప్పాను. "రిజిస్టర్ మే లిఖ్ దో, దీదీ" అని పుస్తకం, కలం చాపాడు. పరాయివారి కలం ముట్టుకోకూడదని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "మీరే చెప్పండి భయ్యా" అని వచ్చేశాను. అతను చెప్పడం మరిచిపోయాడు. తప్పు అతనిది కాదు.

3. భాగ్యరేఖ రెండు నీళ్ల సీసాలు పెట్టుకొని కోర్టులో గంటసేపు ఒక్కతే కూర్చుందట. వచ్చే నెల రాష్ట్ర జట్టు ఎంపికలు. ఆ పిల్ల ఏం చేసింది?

4. మరణానికి రుజువు చూపించమని తమరు రాశారు. టెలిగ్రాము జతచేశాను. దాని మీద వేళ చూస్తారు. ఉదయం ఎనిమిది. మరి సాయంత్రం బండి దాకా ఏం చేశారని అడుగుతారు. అందుకే రాస్తున్నాను.

అది వచ్చేసరికి ఆయన మొదటి షిఫ్టులో ఉన్నారు. నీలిమ సెమీఫైనలుకు బూట్లు కట్టుకుంటోంది. "ఎవరు వదినా?" అంది. "పాలవాడు" అన్నాను. టెలిగ్రాము బియ్యం డబ్బాలో పెట్టాను. రెండు గంటల ఆటే కదా, ఆడి రానీ అనుకున్నాను. పది గంటలకు బండి ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

మధ్యాహ్నం వచ్చింది. "గెలిచీసేం వదినా. అమ్మకి రాయి, రేపు ఫైనలని" అంది.

ఆయన వచ్చాక తీసి ఇచ్చాను. "ఎప్పుడొచ్చింది?" అన్నారు. "ఇప్పుడే" అన్నాను. ఆ కంగారులో ఆయన దాని మీద వేళ చూడలేదు. వాళ్లు వెళ్లేసరికి దహనం అయిపోయింది. నీలిమ తల్లి ముఖం చూడలేదు.

ఇప్పుడు రాకెట్ సంచి తెరవడం లేదు. "టెలిగ్రాము ఒక్కపూట ముందొస్తే అమ్మని చూసీదాన్ని" అంటుంది. నేను అన్నం వడ్డిస్తాను.

కావున శిక్ష ఏదైనా నాకు వేసి, పిల్లలిద్దరినీ ఆడనివ్వవలసినదిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కనకలత

తాజా కలం: ఉత్తర్వు రాసిన వెంటనే టెలిగ్రామునూ ఈ కాగితాన్నీ కాల్చేయండి. ఫైలులో ఉంచకండి. వచ్చే ఏడు ఫారం నింపడానికి నీలిమే మీ ఆఫీసుకు వస్తుంది. నా దస్తూరీ గుర్తుపడుతుంది.