తేలిన కాఫీ తాలు కాదు

పుదుచ్చేరి,
9 జూలై 1956

కల్తీ తనిఖీ అధికారి గారి సముఖమునకు, తమరు తెలుగువారని విని తెలుగులోనే వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నీటిలో తేలే కాఫీపొడియే అసలుదని బాహూరు రైతులకు నచ్చజెప్పుట గురించి.

1. నేను యానాం నుండి వచ్చి రెడ్డియార్‌పాళయంలో కాఫీపొడి కొట్టు పెట్టుకొన్నవాడను. గత నెల తమరు నా కొట్టు అరుగు మీద తమ జీపులోని రెండు గ్లాసులతో నీళ్లు పెట్టించి, ఒకదానిలో నా పొడి, రెండవదానిలో ఎదురుకొట్టు దేవరాజన్ పొడి చల్లితిరి. నాది తేలినది. అతనిది రంగు వదులుతూ అడుగుకు చేరినది. తేలినది అసలు కాఫీ, మునిగినది చికోరీ వేరు పొడి కల్తీ అని సెలవిచ్చి జీపెక్కితిరి. నాకు ఆనందబాష్పములు వచ్చినవి. తొందరపడితిని.

2. అచ్చట చేరినవారు చాలామంది బజారుకు వచ్చిన బాహూరు రైతులు. విత్తనపు వడ్లు నీళ్లలో పోసి, మునిగిన గట్టి గింజలు ఉంచుకొని, తేలిన తాలు పారబోయువారు. తమ జీపు మలుపు తిరిగిందో లేదో, అమ్మాయమ్మ అను పెద్ద రైతు ఇల్లాలు నా గ్లాసు ఎత్తి చూపి, "ఏందయ్యా రావూ, అంతా తాలే గదా! గట్టిదైతే మునగదా?" అనెను. సర్కారు వారి మాట విన్నవించితిని. "ఆయప్ప యాడన్నా నారు పోసినాడా?" అనెను. తమరు పోసినదీ లేనిదీ తెలియక గ్లాసు తీసుకొని లోపలికి పోతిని.

3. నాటి నుండి జనం దేవరాజన్ కొట్టు ముందు వరుస కట్టుచున్నారు. అతడు "మా పొడి మునుగును" అని బోర్డు కూడా కట్టించినాడు. ఆ పక్కన చూపించుచున్న గ్లాసు తమరు మరచిపోయినదే.

4. అమ్మాయమ్మ నా మీద జాలిపడి ఒక చేట పంపినది, పొడిని చెరిగి అమ్ముకొమ్మని! చెరిగితే ఏం మిగులుతుందండీ నా మొహం? గింజ నా చేత్తో వేయించి, నా చేత్తో దంచుకునేవాణ్ణి. ఇంకొక నెల ఇట్లే గడిచినచో కొట్టు మూసి యానాం పోవలసినదే. నా భార్య నాగకుమారి అప్పుడే పెట్టె సర్దుచున్నది.

కావున తమరు స్వయముగా బాహూరు దయచేసి, కాఫీపొడి పొలంలో చల్లుకొనునది కాదనియు, తాగునది అనియు చెప్పి, నా కొట్టు నిలబెట్టుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వి. రామభద్రరావు

తా.క.: ఈ అర్జీ ఇవ్వడానికి ఇప్పుడే మీ కచేరీకి వచ్చాను. మీరు లోపల కాఫీ తాగుతున్నారని చెప్పి, బంట్రోతు ఆదికేశవన్ నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. అలవాటు కొద్దీ పొడి డబ్బా అడిగి, చిటికెడు నీళ్లలో వేశాను. బుడుంగున మునిగింది. "అయ్యకి దేవరాజన్ కొట్టుదే సార్, వేరేది ముట్టరు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పారబోద్దామని కాఫీ గ్లాసెత్తాను. పారబోయలేదు. రెండో గ్లాసు కూడా అడిగి తాగాను. ఏం చెయ్యమంటారు, బాగుంది. మా ఆవిడకి మాత్రం చెప్పకండి.