కంప్యూటరు పిలవని వియ్యంకుడు

గుడియాత్తం,
జూన్ 9

చిరంజీవి కార్తీకకు, బజారు వీధి లుంగీల కొట్టు వరదరాజులు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఒక్క నా పరువే బాగాలేదు.

షుగరున్నవాళ్లకు రోజూ పొద్దున ఏడింటికి కంప్యూటరే ఫోన్ చేసి మంచిచెడ్డలు అడిగే పరిశోధన అని మార్చిలో మా కొట్టుకు వచ్చావు. వేలు గుచ్చి రక్తం చూశావు, సంతకం పెట్టించుకున్నావు. అప్పటినుంచి రోజూ స్నానం చేసి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్క పిలుపు లేదు.

నిన్న మా మనవరాలికి చెవులు కుట్టించాం. సరిగ్గా ముహూర్తానికి మా వియ్యంకుడు దొరైస్వామి ఫోన్ మోగింది. కే.వి.కుప్పంలో ఇళ్లు కట్టే మేస్త్రీ ఆయన. వెంటనే స్పీకరు పెట్టాడు. “దొరైస్వామి గారూ, నిన్న నడిచారా?” అని మీ కంప్యూటరు ఎంత మర్యాదగా అడిగిందో! “చూస్తివా బావా, వేలూరు నుంచి దినామూ నన్ను అడగతానే ఉండారు” అని ఆయన మీసం తిప్పాడు.

అమ్మా, వాళ్ల పిల్లను మా అబ్బాయికి చేసుకున్నాం. మేం మగపెళ్లివారం. ఆడపెళ్లివారికి పిలుపు, మాకు లేదా? నాకు చాలా కష్టంగా ఉంది.

ఇట్లు,
వరదరాజులు

తా.క. కంప్యూటరుకు నక్షత్రం కావాలేమో. స్వాతి, రెండో పాదం.

*

వేలూరు,
జూన్ 14

గౌరవనీయులైన వరదరాజులు గారికి, కార్తీక నమస్కరించి రాయునది.

మర్యాదలో లోపం లేదండీ. పరిశోధనలో రెండు జట్లు ఉంటాయి. ఒక జట్టుకు కంప్యూటరు ఫోన్ చేస్తుంది, రెండో జట్టుకు చేయదు. ఆరు నెలలయ్యాక రెండు జట్లవాళ్ల షుగరూ పోల్చి, ఫోన్ల వల్ల మేలు జరిగిందో లేదో చూస్తాం. ఎవరు ఏ జట్టో కంప్యూటరే చీటీ తీసింది. మీకు ఫోన్ రాని జట్టు, అంటే పోలిక జట్టు, వచ్చింది. మీకు నేను కూడా ఫోన్ చేయకూడదు, అందుకే ఈ ఉత్తరం.

మీరు పోగొట్టుకున్నది పెద్దగా లేదు. అది అడిగేవి మూడే ప్రశ్నలు: నిన్న నడిచారా, మాత్ర వేసుకున్నారా, రాత్రి ఏం తిన్నారు. మీ డాక్టరు చెప్పినట్టు మందులు వాడుతూ మామూలుగా ఉండండి. నా మూడేళ్ల కష్టం, నా డాక్టరేటు, అంతా మీ రెండు జట్ల మీదే ఆధారపడి ఉంది.

భవదీయురాలు,
కార్తీక

తా.క. కంప్యూటరు నక్షత్రం చూడదు. మా అమ్మ మాత్రం చూస్తుంది. స్వాతివాళ్లు పట్టిన పట్టు విడవరట.

*

గుడియాత్తం,
జూన్ 20

చిరంజీవి కార్తీకకు ఆశీస్సులు.

మా బజారులో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఫోన్ రానివాళ్లెవరో వాకబు చేసి, పోలిక జట్టు పద్దెనిమిది మందినీ కొట్లో కూర్చోబెట్టి నీ ఉత్తరం గట్టిగా చదివాను. డాక్టరేటు దగ్గరికి వచ్చేసరికి పాత్రల కొట్టు పచ్చయమ్మ కళ్లు తుడుచుకుంది. “పాపం, ఆ బిడ్డ మనల్నే నమ్ముకోనుండాది. మన జట్టు ఓడిపోతే ఆయమ్మ చదువు ఏం కాను?” అంది. అందరికీ గుండె కరిగిపోయింది.

నువ్వు నిశ్చింతగా ఉండు. మేం చూసుకుంటాం.

ఇట్లు,
వరదరాజులు

తా.క. చక్కెర లేని కాఫీ ఇంత అన్యాయంగా ఉంటుందని నువ్వు ముందే చెప్పాల్సింది.

*

వేలూరు,
సెప్టెంబరు 22

వరదరాజులు గారికి నమస్కారాలు.

“మేం చూసుకుంటాం” అంటే ఏదో మర్యాదకు అన్నారనుకున్నాను. రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. మీ పద్దెనిమిది మందికీ షుగరు దిగింది. కంప్యూటరు ఫోన్ చేసిన జట్టులో దిగలేదు. రోజూ నడిచానని చెప్పిన దొరైస్వామి గారికైతే ఎక్కింది! లెక్క ప్రకారం, జనం బాగుపడాలంటే నా కంప్యూటరు నోరు మూసుకోవాలి.

శుక్రవారం మా గైడు గుణశేఖర్ గారి ముందు కూర్చోవాలి. ఆయన నవ్వగా నేను మూడేళ్లలో చూడలేదు. నిన్నంతా ఏడ్చాను. దయచేసి నిజం చెప్పండి, మీరంతా ఏం చేశారు?

కార్తీక

తా.క. గడువు ముగిసింది కదా అని ఇవాళ ఫోన్ చేశాను. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మీ నంబరు ఖాళీ లేదు. అంతసేపు ఎవరితోనండీ?

*

గుడియాత్తం,
సెప్టెంబరు 24

చిరంజీవి కార్తీకకు ఆశీస్సులు. పోస్టు ఆలస్యమవుతుందని ఇది బస్సులో మనిషిచేత పంపుతున్నాను.

తప్పంతా నాదేనమ్మా. రోజూ ఏడింటికి నేనే మా జట్టుకంతా ఫోన్ చేసి నీ మూడు ప్రశ్నలూ అడిగాను. నాలుగోది నేను కలిపాను: “అబద్ధమా, నిజమా?” పచ్చయమ్మ నడిచానంటే ఆమె వీధిలో ముగ్గురిని విచారించేవాణ్ణి. నీ పట్టా కోసమే ఇదంతా. అదే నీ కొంప ముంచిందని తెలిశాక నాకు ముద్ద దిగలేదు.

ఆ ఊపులోనే వియ్యంకుణ్ణి నిలదీశాను. “యాడికి నడిచేది బావా? మంచం మీదనుంచే నడిచినానంటా. ఆ మిషను ‘శానా సంతోషం’ అని పెట్టేస్తాది. దానికేం తెల్సు?” అన్నాడు.

శుక్రవారం ఇద్దరం వచ్చి మీ గైడు కాళ్లయినా పట్టుకుంటాం.

ఇట్లు,
వరదరాజులు

తా.క. ఆయనకు షుగరుందా? స్వీటు తేవాలా, నిమ్మకాయలు తేవాలా?

*

వేలూరు,
సెప్టెంబరు 29

పూజ్యులైన వరదరాజులు గారికి, కార్తీక సంతోషంతో నమస్కరించి రాయునది.

శుక్రవారం మీరిద్దరూ చెప్పిందంతా గైడు గారు మొహం గంటు పెట్టుకుని విన్నారు కదా. మీరు బస్సెక్కాక నన్ను పిలిచి తలుపు మూశారు. నా చదువు ముగిసిందనుకున్నాను. ఆయన సొరుగు తెరిచి మైసూరుపాకు డబ్బా బల్లమీద పెట్టి, తనకూ షుగరుందన్నారు.

ఫోన్లు సరిగ్గా వెళుతున్నాయో లేదో చూడటానికి, లెక్కలోకి రాకుండా, మొదటి నంబరు ఆయనదే పెట్టించుకున్నారట. ఆరు నెలలుగా ఆయన కూడా కంప్యూటరుకు రోజూ “నడిచాను” అనే చెబుతున్నారట! చెబుతూ చెబుతూ పకపకా నవ్వేశారు.

జరిగింది జరిగినట్టే రాయమన్నారు. మనుషులు కంప్యూటరుకు ఎందుకు అబద్ధం చెబుతారో, తెలిసినవాళ్లకు ఎందుకు చెప్పలేరో, దానిమీద ఇంకో ఏడాది పనిచేస్తే పట్టా ఖాయమన్నారు. నాకు గంతులేయాలని ఉంది.

ఒకే ఒక్క షరతు పెట్టారు. ఈ ఉత్తరం అందిన మర్నాటినుంచి రోజూ ఏడింటికి మీరు ఆయనకు ఫోన్ చేయాలి. నంబరు వెనకవైపు రాశాను.

మీ,
కార్తీక

తా.క. నడిచానంటే నమ్మకండి. ఆయన గది మొదటి అంతస్తులోనే, అయినా లిఫ్టు ఎక్కుతారు. నేను చెప్పానని మాత్రం చెప్పకండి, పట్టా ఇంకా చేతికి రాలేదు.